రాజవ్వ పంపమన్న తార్

1954 వానాకాలంలో నేను కరీంనగర్ జిల్లాలోని ఒక చిన్న సబ్ పోస్టాఫీసులో సిగ్నలరుగా పనిచేస్తున్నాను. హుజూరాబాద్ వైపు ఊరు. పేరు రాయను, నేను చెప్పబోయే మనుషులు ఇంకా ఉన్నారు. ఒక తల్లీ కొడుకూ నా కిటికీ ముందు నిలబడి నన్ను ఒక సంగతి అడిగారు. "అవును, ఆ మాట నాదే" అంటే సరిపోయేది. అనలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు కూడా అనలేదు. పోస్టాఫీసు పని ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే వాగులు దాటి టపా మోసిన కబుర్లు, చిరునామా లేని ఉత్తరాల కబుర్లు చెప్పి నవ్వించేవాణ్ణి. ఈ సంగతి దగ్గరికి మాత్రం రానిచ్చేవాణ్ణి కాదు.

సిగ్నలరంటే తార్ పంపేవాడు, అందుకునేవాడు. మా వైపు టెలిగ్రామును తార్ అంటారు. బల్ల మీద కీ అనే ఇత్తడి మీట ఉంటుంది. దాన్ని వేలితో నొక్కితే పొట్టి దెబ్బలు, పొడుగు దెబ్బలు తీగ మీద పోతాయి. అవతలి నుంచి వచ్చేవి సౌండరు అనే పెట్టెలో టకటకమంటాయి. వాటిని వింటూ అక్షరాలుగా రాసుకోవాలి. అంతా ఇంగ్లీషు. ఊరివాళ్లకు ఇంగ్లీషు రాదు కనుక వాళ్లు తెలుగులోనో ఉర్దూలోనో చెబితే ఫారం మీద మేమే రాసేవాళ్లం.

ఆ రాతలో నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చిన క్రియ స్టార్ట్. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. మా ఇంగ్లీషు వాచకంలో స్టార్ట్ అంటే మొదలవడం. పందెం స్టార్ట్ అయింది, బడి స్టార్ట్ అయింది అని చదివాం. బస్టాండుకు పోతే దానికి ఇంకో పని. చలికాలం పొద్దున డ్రైవరు ఇంజను ముందు వంగి కమ్మీ తిప్పుతూ "స్టార్ట్ అయితలేదు" అని తిట్టుకునేవాడు. తార్లలోకి వచ్చేసరికి అది బయలుదేరు అనే ఒక్క అర్థానికే కట్టుబడింది. కానీ ఆ ఒక్క అర్థంలో ఎన్ని గొంతులు! స్టార్ట్ అని ఊరికే రాస్తే పిలుపు. పక్కన ఇమ్మీడియెట్లీ చేరిస్తే భయం. స్టార్ట్ విత్ ఫ్యామిలీ అంటే పెళ్లాం పిల్లలతో రా, సంగతి పెద్దది అని. పెళ్లి వాయిదా పడినా, ఊళ్లో గత్తర, అంటే కలరా, తగిలినా డోంట్ స్టార్ట్. అవతలి నుంచి స్టార్టెడ్ అని జవాబు వస్తే ఆ ఇంట్లో వాళ్లు ఆ పూట కడుపునిండా తినేవారు.

ఇంగ్లీషు ముక్క రానివాళ్లకు కూడా ఆ మాట తెలుసు. ఒక రైతు నా కిటికీ చువ్వలు పట్టుకొని, "సారూ, ఇస్టాటు అని రెండుపార్ల రాయిండ్రి. మా అల్లుడు ఒక్కపారి జెప్తె ఇనేటోడు గాదు" అన్నాడు. నేను రాశాను. అల్లుడు వచ్చాడో లేదో తెలియదు.

చావు కబురుకూ అదే మాట. నాకు పని నేర్పిన ముసలి సిగ్నలరు మొదట్లోనే చెప్పాడు: "సావు మాట తార్ల పంపకు. పరాయి ఊర్ల వాడు ఒక్కడే ఉంటడు. సీరియస్, స్టార్ట్ అని రాయి. ఇంటికొచ్చినంక తనోళ్ల నడుమ ఏడుస్తడు." చనిపోయారని చెప్పడానికి ఎక్స్‌పైర్డ్ అనే మాట ఉంది. తెలుగిళ్లకు నేను దాన్ని రాసేవాణ్ణి కాదు. పంపేవాళ్లు కూడా అట్లాగే కోరేవారు. అది ఊరంతటి ఆనవాయితీ. కాలం గడిచేకొద్దీ అడగకుండానే రాయడం అలవాటైంది. పంపేవాళ్ల మాటను అక్షరం మార్చకూడదని, రాసింది చదివి వినిపించాలని రూలుంది. నేను ఇంగ్లీషులో గబగబ చదివేవాణ్ణి. వాళ్లు తల ఊపేవారు.

ఆ రోజు తెల్లవారినప్పటినుంచి ముసురు. పోస్ట్‌మాన్ యాకూబ్ ఒక మూలన కూర్చొని ఉత్తరాలు వేరుచేస్తున్నాడు. సాలెవాడకు చెందిన రాజవ్వ తలమీద కొంగు కప్పుకొని తడిసిపోయి వచ్చింది. ఆమె భర్త మల్లయ్య మగ్గం నేసేవాడు. ఏడాదిగా దగ్గుతో మంచాన ఉన్నాడని తెలుసు. కొడుకు సత్తెయ్య భీవండిలో పవర్‌లూము మీద పనిచేస్తాడు. అతని చిరునామాకు ఇదివరకు మనియార్డరు రసీదులు రాసినవాణ్ణే కనుక ఆమెకు నా మీద చనువుంది.

"మా ఇంటాయన పోయిండు సారూ. తెల్లారంగ పోయిండు. సత్తెయ్యకు తార్ కొట్టాలె."

నేను లేచి నిలబడ్డాను. "అయ్యో! మరి నువ్వెందుకొచ్చినవమ్మా? పీనుగు ఇంట్ల ఉండంగ ఆడమనిషి గడప దాటొచ్చునా? మీ మర్దిని పంపకపోయినవా?"

"మర్దిని పంపితె మెత్తగ రాయిస్తడు. అప్పుడే అంటుండు, పానం మంచిగ లేదని కొట్టిద్దామని. గందుకే నేనే ఉరికొచ్చిన. తిట్టుకుంటె తిట్టుకోనీ. నువ్వు సాఫ్ సాఫ్ రాయి సారూ. నీ బాపు సచ్చిపోయిండు, రా అని."

"ఆడ పిలగాడు తట్టుకుంటడా?"

"ఎందుకు తట్టుకోడు? పెండ్లామున్నది. మనోళ్లు వాడంత ఉన్నరు. ఆన్నే ఏడుస్తడు, తానం జేస్తడు, రైలెక్కుతడు. కట్టెల మీదికి అందకున్నా మూడొద్దులకు పిట్టకు పెట్టేయాళ్లకన్న అందుకుంటడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నన్ను కన్న మా అవ్వ పోయిననాడు నాకు గిట్లనే జెప్పిండ్రు సారూ, జర జరమొచ్చింది రమ్మని. బెల్లము, మిర్యాలు మూటగట్టుకున్న. తొవ్వ పొడుగూత కషాయం ఎట్ల కాయాలె, ఎన్నిపార్ల తాపాలె అని సోంచాయించుకుంట పోయిన. వాకిట్ల జూస్తె పాడె కడుతుండ్రు. ఆ మూట ఏడ పెట్టాల్నో తెల్వలే నాకు. నా కొడుకుకు గా తొవ్వ వద్దు."

మా వైపు మూడో రోజున పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ముద్ద పెడతారు. దాన్ని పిట్ట ముట్టాలి. పెట్టవలసింది కొడుకు. ఆమె భర్త పక్కన కూర్చొని ఏడవవలసిన సమయంలో రైలు లెక్క వేసుకొని, నలుగురి మాట కాదని, వానలో నడిచి వచ్చింది. నాకు ఇంత వివరంగా చెప్పింది.

నేను ఫారం తీసి ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియెట్లీ అని రాశాను.

ఎందుకు రాశానని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆమె దుఃఖంలో ఉంది, ఏం అంటున్నదో ఆమెకే తెలియదు అనుకున్నాను. చదువులేనిది, రేపు నాకే మొక్కుతుంది అనుకున్నాను. నా దయ మీద నాకు అంత నమ్మకం.

"సచ్చిపోయిండని ఉన్నదా సారూ?" అని ఆమె ఫారం వైపు చూసింది.

"ఉన్నది" అన్నాను.

ఆమె వెళ్లాక యాకూబ్ తల ఎత్తాడు. "ఏం రాసిండ్రు సాబ్?"

చెప్పాను.

"ఆమె సాఫ్ జెప్పె గదా సాబ్."

"నీకు తెల్వదు యాకూబ్. గిట్లనే రాస్తరు" అని కీ అందుకున్నాను.

మూడో రోజున ఏం జరిగిందో యాకూబే వచ్చి చెప్పాడు. మల్లయ్యకు అతని తమ్ముడి కొడుకు నిప్పు పెట్టాడు. మూడో రోజు ముద్ద పెట్టి మధ్యాహ్నం దాకా చూశారు. పిట్ట రాలేదు. కొడుకు కోసం చూస్తున్నాడు అని పెద్దవాళ్లు అన్నారు. చివరికి ముద్ద ఆవుకు పెట్టి లేచారు. పొద్దు గూకేవేళ సత్తెయ్య జమ్మికుంట బస్సు దిగాడు. చేతిలో మందు సీసా ఉంది. సికింద్రాబాదులో రైలు మారేటప్పుడు పెద్ద దవాఖానకు పోయి, తండ్రి దగ్గు ఎట్లా ఉంటుందో అక్కడివాళ్లకు దగ్గి చూపించి, సీసా తీసుకునేదాకా కూర్చున్నాడట. దాంతో ఎక్కవలసిన రైలు తప్పింది. నేరుగా వచ్చి ఉంటే ముద్ద తన చేత్తో పెట్టేవాడు.

యాకూబ్ చెబుతుంటే నేను సౌండరు వైపు తిరిగి ఏదో వింటున్నట్టు కూర్చున్నాను.

దినాలు అయిపోయాక సత్తెయ్య గుండు తలతో నా కిటికీ దగ్గరికి వచ్చాడు. వెనుక రాజవ్వ. నేను పంపిన తార్ అతని చేతిలో నాలుగు మడతలై ఉంది. గొంతు పెంచలేదు.

"సారూ, గిది ఎవరి మాట? మా అవ్వ సావు మాటే రాయమన్న అంటున్నది. గీన్ల సీరియస్ అని ఉన్నదని భీవండిల లెక్కలు రాసే మా మునీం చదివిండు. రైల్ల నేను అన్నం తిన్న. పక్కపొంటోళ్లతోని నవ్విన గూడ. బాపు మీద నీళ్లు బోసుకోవాల్సినోన్ని బత్తాయిలు తిన్న. చెప్పుండ్రి, ఎవరి మాట?"

"సారును అడుగు బిడ్డా" అన్నది రాజవ్వ. "సారూ, నేను సాఫ్ రాయమన్ననా లేదా? జెప్పు."

అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. తార్ మార్చి రాశానని ఒక్క అర్జీ పోతే ఇంటికి పంపుతారు. కానీ ఆ భయం ఒక్కటే కాదు. అప్పుడు నాకు ముప్పై దాటాయి, ఊళ్లో మంచివాడినన్న పేరుంది. ఆ పేరు చువ్వల అవతల నిలబడ్డ ఇద్దరి ముందు పడిపోవడం నాకు ఇష్టం లేదు.

"పంపేటోళ్ల మాట మార్చే హక్కు మాకు లేదయ్యా" అన్నాను. "గది రూలు."

అది నిజమే. రూలు పుస్తకంలో అట్లాగే ఉంది. నేను అబద్ధం ఆడలేదని రాత్రి నిద్రపోవడానికి ఆ వాక్యం సరిపోతుందనుకున్నాను.

సత్తెయ్య తల్లి వైపు తిరిగాడు. "ఇన్నవా అవ్వా?"

రాజవ్వ నన్ను చూసింది. మూలన కూర్చున్న యాకూబ్‌ను కూడా చూసింది. యాకూబ్ నా వైపు చూసి తల దించుకున్నాడు. అతనికీ పిల్లలున్నారు, నేను అతని పై అధికారిని.

"మంచిది సారూ" అన్నది. "నీ రూలు నువ్వే దాసుకో." కొంగు సర్దుకొని మెట్లు దిగిపోయింది.

సత్తెయ్య తల్లిని భీవండికి తీసుకుపోదామనే ఉద్దేశంతో ఉన్నాడని, ఇల్లు మూసి మగ్గం సామాను అమ్ముదామని కూడా మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. అతను ఒక్కడే వెళ్లిపోయాడు. సాలెవాడలో మాట పుట్టింది: కన్నకొడుకునే అబద్ధం తార్‌తో ఆడించింది, పీనుగును ఇడిసి ఉరికింది గిందుకేనా అని. మెత్తగా రాయిద్దామన్న మరిదే ఆ మాట ఎక్కువ అన్నాడు. రాజవ్వ ఇళ్లిళ్లకూ దారం కండెలు చుట్టి బతికింది. సత్తెయ్యకు ఒక చెల్లెలుంది, ఆ పిల్ల పెళ్లి ముచ్చట్లు రెండు సార్లు వచ్చి ఆగిపోయాయి. నేను ఆ వాడ మీదుగా నడవడం మానేసి బజారు చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాణ్ణి. ఆమె మళ్లీ మా పోస్టాఫీసు మెట్టెక్కలేదు. తార్ అవసరమైతే పక్క ఊరికి నడిచి పోయేదట.

ఒక్కటి చేశాను. ఆ తర్వాత ఎవరి తార్ రాసినా దాన్ని వాళ్ల భాషలో చదివి వినిపించాను. సచ్చిపోయిండని రాయమంటే అదే రాశాను. మెత్తగా రాయమంటే మెత్తగా రాశాను. తమవాళ్లకు ఎట్లా చెప్పాలో వాళ్లకు తెలుసునని, నా పని తీగ మీద పంపడమేనని నేర్చుకున్నాను. పని సరిదిద్దుకున్నాను గాని రాజవ్వ పేరు సరిదిద్దలేదు. ఒకటి చేశాను కదా, రెండోది అక్కరలేదు అన్నట్టు బతికాను.

తర్వాత ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ అయింది. కొన్ని ఊళ్లు తిరిగి కాగజ్‌నగర్ వచ్చాను. 1966లో అక్కడ ఒక పగటిపూట కిటికీ ముందు ఓ మనిషి నిలబడి, అత్త చనిపోయింది, భీవండిలో ఉన్న బామ్మర్దికి తార్ కొట్టాలి అన్నాడు. నేను ఫారం తీశాను.

"సారూ, నేను జెప్పింది జెప్పినట్టు రాయాలె. సచ్చిపోయిందని రాయిండ్రి. సీరియస్ గీరియస్ అనొద్దు. మా అవ్వ నాకు గట్లనే అబద్ధం పంపింది ఎనకట. గా పాపం నేను జెయ్య."

కలం ఆగిపోయింది. పేరు అడిగాను. సత్తెయ్య. మగ్గాలు వదిలి ఇక్కడ పనికి వచ్చి రెండేళ్లయిందట. కళ్లద్దాలు, పలచబడ్డ జుట్టు ఉన్న నన్ను అతను గుర్తుపట్టలేదు. మదర్ ఎక్స్‌పైర్డ్ స్టార్ట్ అని రాసి తెలుగులో చదివి వినిపించాను. పంపాను. రసీదు ఇవ్వకుండా అడిగాను.

"మీ అవ్వ ఉన్నదా?"

"ఉన్నది. గా ఊర్లనే. ఏటికి ఒక చీర పంపుత. చెల్లె పెండ్లికి పోయిన గని మాట్లాడలే." అని ఆగి, "మీకెట్ల ఎరుక?" అన్నాడు.

అతని వెనుక ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగుదామని మనసు చెప్పింది. ఆ మనసును నమ్మి అప్పటికే చాలా కాలం పోగొట్టాను. "నువ్వు భీవండిల అందుకున్న తార్ రాసింది నేనే. మీ అవ్వ సచ్చిపోయిండనే రాయమన్నది. సాఫ్ సాఫ్ రాయమన్నది. నేను మార్చిన" అన్నాను.

సత్తెయ్య చువ్వలు పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను.

"నిన్ను అడిగితి గదరా!" అన్నాడు. అంతసేపూ అన్న మీరు పోయింది. "గుండుతోని నీ ముందట నిలబడి అడిగితి గదా. అవ్వ గూడ అడిగె. గప్పుడు నోట్లె ఏం బెట్టుకున్నవు?"

వరుసలో ఉన్నవాళ్లు వింటున్నారు.

"పా" అన్నాడు చివరికి. "వచ్చి ఆమె ముందట జెప్పు."

అత్త దినాలు అయ్యాక వచ్చిన ఆదివారం ఇద్దరం రైలెక్కాం. సత్తెయ్య నా ఎదురుగా కూర్చున్నాడు. జమ్మికుంటలో దిగేముందు, "మందు సీసా ఇంక ఇంట్లనే ఉన్నదంట. చెల్లె జెప్పింది. అవ్వ పారెయ్యలేదంట" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

రాజవ్వ వాకిట్లో రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతోంది. చూపు తగ్గినట్టుంది, దారాన్ని వేలితో తడిమి చూసుకుంటోంది. కొడుకును గొంతును బట్టి గుర్తుపట్టింది. నేనెవరో అతనే చెప్పాడు. నేను వాకిట్లోకి అడుగు పెట్టబోతూ, "రాజవ్వా, నేను నీతోని..." అన్నాను.

"ఆన్నే నిలబడు" అన్నది. చెయ్యి రాట్నం మీదినుంచి తీయలేదు. "నాకేం జెప్తవు? నేనేం రాయమన్ననో నాకు ఎరుక గాదా? నా ఎరుకకు నీ సాక్షెం వద్దు."

సత్తెయ్య ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అవ్వా" అన్నాడు.

"నువ్వు జర ఆగు బిడ్డా. కన్నతల్లి మాట ఇడిసి చువ్వలెనకటోని మాట నమ్మినవు. నీ సంగతి ఎనుక జూసుకుందం. ముందుగాల సారు పని కానియ్యి." లేచి గోడ పట్టుకొని వాకిలి దాటింది. వీధి నడిమికి వచ్చి నన్ను పిలిచింది. "నా పేరు పోయింది గీ వాడకట్టుల. గిక్కడ జెప్పు."

అటూ ఇటూ ఇళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. అరుగుల మీద ఆడవాళ్లు కండెలు చుడుతూ తలలెత్తారు. ఆమె మరిది పంచ ఎగగట్టి తన గడపలో నిలబడ్డాడు. నేను నోరు తెరిచి మొదటి మాట అన్నాను.

"ఇనవడుతలేదు సారూ" అన్నది రాజవ్వ. "మగ్గం చప్పుడున్నది. గట్టిగ."

మళ్లీ మొదలుపెట్టాను.

"మల్లయ్య పోయిననాడు నేను ఈ ఊరి పోస్టాఫీసుల ఉన్న. రాజవ్వ సచ్చిపోయిండని రాయమన్నది. నేను సీరియస్ అని రాసిన. సచ్చిపోయిండని ఉన్నదా అని అడిగితె ఉన్నదన్న. సత్తెయ్య వచ్చి అడిగితె రూలు జెప్పి ఆమె మీదికి నెట్టిన. రాజవ్వ ఎన్నడు అబద్ధమాడలే. అబద్ధమాడింది నేను. గిన్నేండ్లు ఆమె మోసిన మాట నాది. తప్పు నాది రాజవ్వా. నన్ను మాఫ్ చెయ్యి."